కూలి దావాకు కాలదోషము

ప్రామిసరీ నోటుకు 3 యేండ్లు దాటితే కాలదోషము పట్టునని మన యిండ్లలో అక్షరము రాని ముసలమ్మకు కూడ తెలియును. అప్పు తీసుకొన్నవాడు మూడవ యేడు చివర వీధిలో కనపడకుండ తిరుగుటయు, అప్పిచ్చినవాడు చెల్లు వ్రాయించుకొనుటకు వాని గుమ్మము ముందు కూర్చుండుటయు మనము చూచినదే. కాని పని పోయినవాని అర్జీకి ఎన్ని దినములలో కాలదోషము పట్టునని అడిగితే, నాలుగు ముక్కలు చదివిన మనము కూడ తల గోకికొందుము.

ఈ ఉగాది సంచికకు చరిత్ర విషయము ఏదైన వ్రాయుమని మన సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు, కృష్ణదేవరాయల గురించి వ్రాయగలవారు మనలో చాలమంది యున్నారు, నేను గడువుల చరిత్ర వ్రాసెదనని చెప్పితిని. ఆయన నవ్వి ఊరకున్నారు. నేను పదవ తరగతితో చదువు ముగించి రైల్వే గుమాస్తాగా చేరినవాడను, వకీలును కాను. అయినను మా మేనమామ ట్రంకుపెట్టెలోని కాగితములు పుణ్యమా అని ఈ సంగతి కొంత వెదకి తెలిసికొంటిని.

మా మామ హుబ్లీకి దగ్గరలోని ఒక ఊరిలో ఒక ప్రైవేటు కార్ఖానాలో ఫిట్టరు. ఆ కార్ఖానా పేరు ఇక్కడ అనవసరము. ఇప్పుడది లేదు కూడ. 11 యేండ్లు పని చేసిన తరువాత 1989లో ఆయనను బర్తరఫు చేసినారు. సూపర్‌వైజరుతో మాటకు మాట పెరిగినది, అంతే. విచారణ అన్నది పేరుకైనను జరుగలేదు. ఉత్తరువు మీది తేది జూలై 3. అప్పటికి మామ ఇల్లు మారియుండెను. రిజిస్టరు కవరు పాత ఇంటికి పోయి, అక్కడ ఇంటి యజమాని సంతకము చేసి తీసికొని, తరువాత మరల తపాలాలో వేయగా, ఆషాఢము చివర, జూలై 29న మామ చేతికి వచ్చినది. అప్పటికి నేను పుట్టలేదు. ఇవన్నియు అమ్మ చెప్పగా విన్న మాటలు.

మామ తొందరపడు మనిషి కాదు. గుంతకల్లులో ఉన్న మా పెద్దమ్మ భర్తను అడిగి వచ్చెదనని పాసింజరు బండి ఎక్కినాడు. ఏ సంగతి వచ్చినను బావ మాట వినకుండ మామ అడుగు వేయడు. పెద్దనాన్న కాగితము చదివి, "ఏమప్పా, దీనికింత బెంగ యెందుకు? మా ఇంటి పక్క మిల్లోడు నాలుగేండ్లకు పోయి కేసేస్తే మళ్ళా పనిలోకి తీసుకున్నారు. దీనికి గడువు గిడువు ఏమీ లేదు. ముందు వాళ్ళతో మంచి మాటల్లో చూడు. కాకుంటే సంక్రాంతి పోయినాక నిమ్మళంగా వెయ్యి" అన్నాడట. మామ అట్లే చేసినాడు. కార్ఖానా చుట్టు తిరిగినాడు, పెద్దమనుషులను పంపినాడు, పండుగ చేసికొన్నాడు, 1990 జనవరి 17న లేబరు కోర్టులో అర్జీ వేసినాడు.

పెద్దనాన్న చెప్పినది అబద్ధము కాదు. గుంతకల్లులో అది నిజమే. హుబ్లీలో కాదు. ఇది ఎట్లు జరిగినదో చెప్పవలెనన్న కొంచెము వెనుకకు పోవలెను.

తెల్లదొరల కాలములో మొదట చట్టము పట్టించుకొన్నది కూలివాని దావాను కాదు, యజమాని దావాను. 1859లో వచ్చిన ఒక చట్టము ప్రకారము, ముందుగా సొమ్ము తీసికొని పని మానిన పనివానిని మేజిస్ట్రేటు ఎదుటకు ఈడ్చవచ్చును. వానికి 3 నెలల వరకు జైలు వేయవచ్చును. ఆ చట్టము 1925లో గాని రద్దు కాలేదు. ఇక పనివాడు తన కూలి కొరకు సివిలు కోర్టుకు పోదలచుకొంటే, 1908 కాలపరిమితి చట్టములో వాని కొక ప్రత్యేక పద్దు ఉండెను. ఇంటి నౌకరు, చేతిపనివాడు, కూలి, ఈ ముగ్గురును తమ కూలి కొరకు ఒక్క యేడాదిలోపల దావా వేయవలెను. తక్కిన జీతగాండ్రకు 3 యేండ్లు. అనగా అదే కార్ఖానాలో లెక్కలు వ్రాయువానికి 3 యేండ్ల గడువు, సుత్తె పట్టినవానికి 1 యేడు. వ్రాయనేర్చినవానికి మూడంతల కాలమిచ్చి, అర్జీ వ్రాయించుటకు మరియొకని బ్రతిమాలవలసినవానికి కాలము తగ్గించినారు. గుమాస్తానైన నాకే ఇది వింతగా నున్నది. ఈ భేదము తొలగి ఇద్దరికిని 3 యేండ్లయినది 1964 జనవరి 1 నుండి, అనగా కొత్త కాలపరిమితి చట్టము అమలుకు వచ్చిన దినము నుండి.

ఈ నడుమ కార్మికుల కొరకు వేరు చట్టములు పుట్టినవి. 1923 నాటి నష్టపరిహార చట్టములో, పనిలో దెబ్బ తగిలినవాడు 6 నెలలలో అడుగవలెనని ఉండెను. అది తరువాత యేడాదియై, 1962 సవరణతో 2 యేండ్లయినది. 1936 నాటి వేతనముల చెల్లింపు చట్టములో, జీతములో అన్యాయపు కోత పడినవానికి 6 నెలలు. దానిని 1964లో 12 నెలలు చేసినారు. ఈ రెంటిలోను ఒక దయగల మాట ఉండెను: తగిన కారణము చూపితే ఆలస్యమును మన్నించవచ్చును. జబ్బుపడినవాడు, ఊరు విడిచినవాడు, తప్పు కచ్చేరికి తిరిగినవాడు, అందరును ఈ మాట పట్టుకొనియే లోపలికి వచ్చినారు.

1947 ఏప్రిల్ 1న అమలుకు వచ్చిన పారిశ్రామిక వివాదముల చట్టము దారియే వేరు. దానిలో పనివాడు తనంతట తాను కోర్టుకు పోవు వీలు లేదు. వివాదము ఉన్నదని ప్రభుత్వము తలచినప్పుడు, ప్రభుత్వమే దానిని ట్రిబ్యునలుకు పంపవలెను. ఎప్పుడు పంపవచ్చును? "ఏ సమయమునందైనను" అని చట్టము. ఈ రోజు మనము లేబరు కోర్టు అని పిలుచునది 1956 సవరణతో ఏర్పడినది; కాని తాళపుచెవి అప్పుడును ప్రభుత్వము చేతిలోనే. అంతేకాదు, ఒంటరి మనిషి బర్తరఫు వివాదము కాదు. యూనియను గాని, తోటివారు కొందరు గాని వెనుక నిలిస్తేనే వివాదము. ఒక్కడైనను సరే, బర్తరఫు అయితే అది వివాదమేనని వ్రాసినది 1965లో.

గడువు లేని తలుపు గనుక అందరికిని మేలు జరిగినదని అనుకొనరాదు. కలకత్తాలో షాలిమార్ వర్క్స్ అను కార్ఖానాలో 1948లో సమ్మె జరిగి చాలమంది పని పోయినది. ప్రభుత్వము ఆ వివాదమును ట్రిబ్యునలుకు పంపినది 1952లో. చివరకు 1959లో సుప్రీం కోర్టు ఏమన్నదనగా: చట్టములో గడువు లేదు, నిజమే, అయినను ఇట్టివి త్వరగా పంపవలసినవి, ఇంత కాలము గడచిన తరువాత ఆ పాతవారిని మరల పనిలోనికి తీసికొమ్మనుట కుదరదు. ఫైలు పంపవలసినది ప్రభుత్వము, పని పోయినది కార్మికునికి. ఆలస్యము ఎవరిదైనను లెక్క మాత్రము పనివాని ఖాతాలోనే పడినది. నాకు ఈ తీర్పు చదివినప్పుడు మా ఆఫీసు ఫైళ్ళు జ్ఞాపకము వచ్చి కొంచెము సిగ్గు వేసినది.

డబ్బు లెక్కల విషయములో మాత్రము కోర్టు మరియొక విధముగ నడచినది. ఇప్పటికే ఉన్న హక్కు ప్రకారము రావలసిన సొమ్మును లెక్క కట్టుమని పనివాడే నేరుగ లేబరు కోర్టును అడుగవచ్చునని చట్టములో 33-సి(2) అను చోట ఉన్నది. బొంబాయి గ్యాస్ కంపెనీ పనివారు గడచిన యేండ్ల వారపు సెలవు దినముల జీతము ఆ విధముగ అడిగినారు. అంత పాత బాకీ ఇప్పుడా యని కంపెనీ వాదన. 1963లో న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ వ్రాసిన తీర్పులో, శాసనసభ గడువు పెట్టనప్పుడు న్యాయము పేరు చెప్పి కోర్టు దానిని కల్పించరాదని తేల్చినారు.

దీనికంటె మనకు దగ్గరిది అథణి కేసు. బెళగాం జిల్లాలోని అథణి పురపాలక సంఘపు పనివారు ఓవర్‌టైము సొమ్ము, వారపు సెలవు దినమున చేసిన పనికి సొమ్ము కావలెనని మన హుబ్లీ లేబరు కోర్టులోనే అడిగినారు. ఆ నడుమ కొత్త కాలపరిమితి చట్టము వచ్చియుండెను. దానిలో 137వ పద్దు ప్రకారము ఏ దరఖాస్తుకైనను 3 యేండ్లే కదా యని ఎదుటివారి ప్రశ్న. 1969లో సుప్రీం కోర్టు కాదన్నది. ఆ పద్దు మామూలు కోర్టులలో వేయు దరఖాస్తులకే గాని లేబరు కోర్టుకు వర్తించదు. దేశములోని కార్మికులందరును దశాబ్దముల తరబడి చెప్పుకొన్న ఈ సూత్రము, వీధులూడ్చి, దీపములు వెలిగించు ఒక చిన్న ఊరి పురపాలక సంఘము పేరుతో చలామణి అయినది. హుబ్లీ ఇంటి నుండి అథణికి బస్సులో పోయి రావచ్చును. ఆ ఊరికి పోయినప్పుడు ఎవరికిని ఈ సంగతి తెలిసినట్లు నాకు కనపడలేదు.

ఇప్పుడు మామ కథకు వద్దాము. ప్రభుత్వము దయ కొరకు కాచుకొనుట వలన పనివారు నలిగిపోవుచున్నారని కొన్ని రాష్ట్రములు పాత కేంద్ర చట్టమునకు తమ తమ సవరణలు చేసికొన్నవి. ఆంధ్రప్రదేశ్ 1987లో చేసినది: బర్తరఫు అయినవాడు ప్రభుత్వముతో పని లేకుండ నేరుగ లేబరు కోర్టుకు పోవచ్చును. గడువు వ్రాయలేదు. తమిళనాడు 1988లో అట్టి సవరణ చేసికొన్నది. కర్ణాటకలోను 1988 ఏప్రిల్ నుండి అదే తలుపు తెరచినారు. కాని ఇక్కడ ఒక షరతు పెట్టినారు: ఉత్తరువు తనకు అందిన తేది నుండి 6 నెలల లోపల రావలెను. ఇక షోలాపురములోని మన పద్మశాలి సోదరులున్న మహారాష్ట్రలో 1971 నాటి చట్టమొకటి కలదు. అన్యాయమైన కార్మిక పద్ధతుల మీద ఫిర్యాదు 90 దినములలో ఇయ్యవలెనని దానిలో ఉన్నది, తగిన కారణమున్న ఆలస్యమును మన్నించు వీలుతో. ఒకే భాష మాట్లాడు మూడు ఇండ్లలో ఒకే విధమైన కష్టము వచ్చినచో, గుంతకల్లువానికి గడువు లేదు, హుబ్లీవానికి 6 నెలలు, షోలాపురమువానికి 90 దినములు.

మనవారికి ఈ సరిహద్దు కనపడకపోవుటకు కారణము నాకు తెలియును. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు విజయవాడ, సికింద్రాబాదు, హుబ్లీ, షోలాపురము డివిజన్లను ఒక్క జోనులో చేర్చినారు. 2003లో నైరుతి రైల్వే హుబ్లీ కేంద్రముగ వేరుపడువరకు మన బదిలీలు, మన పెండ్లి సంబంధములు, మన సలహాలు అన్నియు ఆ పట్టాల మీదనే నడచినవి. ఊరగాయ జాడీతో పాటు బావగారి సలహా కూడ అదే బండిలో దిగును. పాసుకు రాష్ట్రముల సరిహద్దు లేదు, చట్టమునకు ఉన్నది.

మామ అర్జీ వచ్చినప్పుడు కార్ఖానావారి వకీలు లేచి ఉత్తరువు తేది జూలై 3, తపాలా రసీదు జూలై 5, పాత ఇంటి వద్ద సంతకమైనది జూలై 8 అని చూపినాడు. 6 నెలలు జనవరి 8తో సరి. అర్జీ 17న వచ్చినది. 9 దినములు ఆలస్యము. మామ వకీలు, చేతికి అందినది జూలై 29న గదా, ఆ లెక్కన ఇంకను 12 దినములు మిగిలియున్నవని చెప్పి, రెండవసారి తపాలాలో వచ్చిన కవరు చూపుమన్నాడు. ఆ కవరు లేదు. ఇంటి యజమాని అప్పటికి ధార్వాడకు పోయి స్థిరపడినాడు, సాక్ష్యమునకు రానన్నాడు. అర్జీ కొట్టివేసినారు.

ప్రభుత్వము ద్వారా పోవు పాత దారి ఇంకను తెరచియే యున్నదని వకీలు చెప్పగా మామ ఆ అర్జీయు పెట్టినాడు. ఆ ఫైలు పై కార్యాలయమునకు పోయి 2 యేండ్లకు పైగా తిరిగి, పంపదగిన వివాదము కాదని ఒక వాక్యముతో వచ్చినది. దాని మీద పోరుటకు మామ వద్ద డబ్బు లేదు. అప్పటికే సైకిలు షాపు పెట్టినాడు. పెద్దనాన్న మాత్రము ఆ తరువాత చాల యేండ్లు మా ఇంటికి వచ్చినప్పుడెల్ల మామ ఎదుట పడుటకు జంకెడివాడట. మామ ఒక్కనాడును ఆయనను ఏమియు అనలేదు.

ఆ తరువాతి తీర్పులు ఒక దారిన నడచినవని చెప్పజాలను. 1999లో పంజాబులోని సిర్హింద్ సహకార సంఘములో పని పోయిన అజాయబ్ సింగ్ అను నతడు 7 యేండ్లకు అడిగినను సుప్రీం కోర్టు తోసివేయలేదు. ఆలస్యమైన యేండ్ల జీతము మాత్రము ఇయ్యలేదు. మరుసటి యేడే కేరళలోని నెడుంగాడి బ్యాంకు కేసులో అదే 7 యేండ్లకు వివాదము పాసిపోయినదన్నారు. కర్ణాటక పట్టు పరిశ్రమ శాఖలో 1985లో పని పోయి 1999లో వివాదము లేవనెత్తిన ప్రభాకర్ కేసులో, 2015లో సుప్రీం కోర్టు ఒక పరీక్ష చెప్పినది: గడువు లేకపోవచ్చును, కాని వివాదము బ్రతికి యున్నదా? 14 యేండ్లు మాట్లాడక కూర్చున్నవాని వివాదము బ్రతికి యున్నదని చెప్పుట కష్టము. ఇది న్యాయముగనే నాకు తోచినది. అయితే మాట్లాడినట్లు రుజువు చేయవలసినది ఎవరు? పనివాడే. ఇచ్చిన ప్రతి అర్జీకి నకలు, నకలు మీద ముద్ర, ముద్ర మీద తేది ఉండవలెను.

మన రైల్వేవారి సంగతి రెండు మాటలలో చెప్పెదను. 1974 సమ్మెలో పని పోయినవారు చాలవరకు 1977లో ప్రభుత్వము మారిన తరువాత వెనుకకు వచ్చినారు. అది కోర్టు గడియారము వలన కాదు. 1985లో కేంద్ర పరిపాలనా ట్రిబ్యునలు వచ్చినప్పటి నుండి మన సర్వీసు వివాదములకు గడువు 1 యేడు. పైవారికి అప్పీలు పెట్టుకొని 6 నెలలు జవాబు రాకపోతే, అక్కడి నుండి 1 యేడు. మన ఆఫీసులో ప్రతి మూడు నెలలకు ఒక రిమైండరు పంపి, ఫైలు బ్రతికియున్నదని నిశ్చింతగ నిద్రపోవు మిత్రులు నాకు ముగ్గురు తెలియుదురు. రిమైండర్ల మీద రిమైండర్లు వేసినంత మాత్రమున గడువు పెరుగదని 1989లోనే, రాథోడ్ కేసులో 7గురు న్యాయమూర్తులు కూర్చుండి చెప్పినారు. మామ పని పోయినదియు ఆ యేడే.

ఇప్పుడు లెక్కలు మరల మారినవి. 2010లో పాత చట్టమును దేశమంతటికిని సవరించి, రాజీ అధికారి వద్ద అర్జీ పెట్టి 45 దినములైన తరువాత ఎవరైనను నేరుగ లేబరు కోర్టుకు పోవచ్చునని, బర్తరఫు తేది నుండి 3 యేండ్లు దాటరాదని వ్రాసినారు. 2025 నవంబరు 21 నుండి కొత్త కార్మిక కోడులు అమలుకు వచ్చినవి. వాటి ప్రకారము బర్తరఫు వివాదమునకు 2 యేండ్లు, జీతపు బాకీకి 3 యేండ్లు. లేబరు కోర్టు అను పేరే పోయి దాని స్థానమున పారిశ్రామిక ట్రిబ్యునలు వచ్చుచున్నది. జీతము అడుగువానికి గడువు పెరిగినది. పని అడుగువానికి తగ్గినది. గుంతకల్లుకు, హుబ్లీకి ఉన్న పాత తేడా ఇకమీద వచ్చు కేసులకు లేదు. పెద్దనాన్న ఈ రోజు సలహా చెప్పినను, మామ ఈ రోజు విన్నను, ఇద్దరికిని ఒకే లెక్క.

మన సంఘములో కుర్రవాండ్రు చాలమంది కాంట్రాక్టు పనులలో ఉన్నారు. వారికి పని పోయిన వార్త ఇప్పుడు కవరులో రాదు, ఫోనులో వచ్చును. ఆ సందేశమును తుడిచివేయవద్దని, తేది కనపడునట్లు ఒక నకలు తీసి దాచుమని నేను కనపడినవారి కెల్ల చెప్పుచుందును. కొందరు నన్ను చూచి నవ్వుదురు.

మామ పోయి 6 యేండ్లయినది. ట్రంకుపెట్టె మా ఇంటికి వచ్చినది. ఆ కవరు ఏమైనదన్నదానిపై మా ఇంటిలో నేటికిని రెండు మాటలు. అత్త దానితో పొయ్యి అంటించినదని అమ్మ అనును. కాదు, దాని వెనుక పాల లెక్క వ్రాసి నెల తిరిగినాక పాలవాని చేతి కిచ్చితినని అత్త అనును. ఉత్తరువు మాత్రము పదిలముగ ఉన్నది. పై అంచున 3-7-1989 అని టైపు చేసియున్నది. అందిన తేది దాని మీద ఎక్కడను లేదు.